ఫ్యూయల్ సెల్‌కి ఏ యాసిడ్ ఎలక్ట్రోలైట్ తీసుకోవాలి: సల్ఫ్యూరిక్ నుంచి సాలిడ్ యాసిడ్ దాకా

ఫ్యూయల్ సెల్ అంటే హైడ్రోజన్‌ని, ఆక్సిజన్‌ని కలిపి కరెంట్ తీసేది, హైడ్రోజన్ వైపు ఎలక్ట్రోడ్ ఆనోడ్, ఆక్సిజన్ వైపుది కాథోడ్, రెండిటి మధ్య అయాన్లని మోసేది ఎలక్ట్రోలైట్, యాసిడ్ రకంలో ఆ అయాన్ ప్రోటాన్. ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే చాలు "ఫ్యూయల్ సెల్‌కి ఏ యాసిడ్ బెస్ట్" అని అడిగేవాళ్ళు వరస కడతారు, నేను జవాబు చెప్పకుండా తిరిగి రెండు ప్రశ్నలు వేస్తా. మీ హైడ్రోజన్ ఎక్కడ్నుంచి వస్తోంది? మీ సెల్‌ని ఎన్నిసార్లు ఆపి మళ్ళీ ఆన్ చేస్తారు? ఈ రెండూ తేలితే ఎలక్ట్రోలైట్ ముప్పాతిక వంతు తేలిపోయినట్టే, అవి తేలకుండా కండక్టివిటీ (అయాన్లు ఎంత తేలిగ్గా కదులుతాయన్న లెక్క) టేబుల్ ముందేసుకుని ఏది పెద్ద నంబరో చూస్తూ కూర్చుంటే మాత్రం తప్పుడు దాన్నే పట్టుకుంటారు, ఎందుకో కింద లెక్కేసి చూపిస్తా.

ముందు అసలు యాసిడే ఎందుకు అన్నది రెండు ముక్కల్లో. పొటాషియం హైడ్రాక్సైడ్ వాడే ఆల్కలైన్ సెల్‌లో ఆక్సిజన్ రియాక్షన్ స్పీడుగా జరుగుతుంది, నికెల్ లాంటి చవక మెటల్స్ కూడా పనికొస్తాయి, అపోలో మిషన్లలో వాడింది అదే. కానీ మన గాల్లో ఉన్న కాస్త కార్బన్ డయాక్సైడ్ చాలు, హైడ్రాక్సైడ్‌ని మెల్లగా కార్బొనేట్ చేసేసి ఎలక్ట్రోడ్ రంధ్రాలు పూడ్చేస్తుంది. స్పేస్‌లో ప్యూర్ ఆక్సిజన్ సిలిండర్ ఉంటుంది కాబట్టి వాళ్ళకి నడిచింది. యాసిడ్‌కి కార్బన్ డయాక్సైడ్‌తో గొడవ లేదు, బయటి గాలి నేరుగా తోలుకోవచ్చు, సహజవాయువు నుంచో ఎల్పీజీ నుంచో తీసిన రిఫార్మేట్ గ్యాస్ (హైడ్రోజన్‌తో పాటు కార్బన్ డయాక్సైడ్, కాస్త కార్బన్ మోనాక్సైడ్ ఉండేది) కూడా పెట్టుకోవచ్చు. దీనికి కట్టాల్సిన మూల్యం ప్లాటినం, రియాక్షన్‌ని నడిపించే కాటలిస్ట్‌గా అదే కావాలి. యాసిడ్‌లో నికెల్, ఇనుము బతకవు.

సల్ఫ్యూరిక్: టేబుల్‌లో ముందు వరస, ఆటలో లాస్ట్

1839లో విలియం గ్రోవ్ మొదటి గ్యాస్ బ్యాటరీ చేసింది పలచటి సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ప్లాటినం రేకులు ముంచే. ఈరోజుకీ లిక్విడ్ యాసిడ్స్‌లో కండక్టివిటీ చూస్తే ఇది ముందు వరసలోనే ఉంటుంది, రూమ్ టెంపరేచర్‌లో 30 శాతం దగ్గర్లో ఉన్న ద్రావణం సెంటీమీటర్‌కి సుమారు 0.8 సీమెన్స్ ఇస్తుంది. నాఫియాన్ అనే ప్లాస్టిక్ మెంబ్రేన్ (పలచటి పొర, దీని గురించి కింద చెప్తా) బాగా తడిసి 80 డిగ్రీల దగ్గర ఉన్నా 0.1 దగ్గరే ఆగుతుంది. అంటే ఎనిమిది రెట్లు తేడా, మరి సల్ఫ్యూరికే గెలవాలి కదా?

గెలవదు. సెల్‌లో మనకి కావాల్సింది కండక్టివిటీ కాదు, ఒక చదరపు సెంటీమీటర్‌కి ఎంత రెసిస్టెన్స్ అన్నది, అది మందాన్ని కండక్టివిటీతో భాగిస్తే వస్తుంది. లిక్విడ్ యాసిడ్ పెట్టాలంటే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య కనీసం ఒక రెండు మిల్లీమీటర్ల గ్యాప్ ఉందనుకోండి, 0.2 సెంటీమీటర్‌ని 0.8తో భాగిస్తే 0.25 ఓమ్. నాఫియాన్ 212 మందం 50 మైక్రాన్లు, 0.005ని 0.1తో భాగిస్తే 0.05 ఓమ్. ఒక ఆంపియర్ లాగినప్పుడు సల్ఫ్యూరిక్‌లో పావు వోల్టు అక్కడే పోయింది, నాఫియాన్‌లో పోయింది 50 మిల్లీవోల్టులు. సెల్ మొత్తం పనిచేసేదే 0.65 వోల్టుల దగ్గర, అందులో పావు వోల్టు అంటే మాటలా. టేబుల్‌లో కండక్టివిటీ పక్కన మందం కాలమ్ లేకపోతే ఆ టేబుల్‌ని నమ్మకండి.

పోనీ గ్యాప్ తగ్గిద్దాం, పోరస్ షీట్‌లో పీల్పిద్దాం అంటారా, అది చేయొచ్చు, అసలు సమస్య వేడి దగ్గర వస్తుంది. వేడి పెంచితే నీళ్ళు ఆవిరైపోయి యాసిడ్ చిక్కబడుతుంది, చిక్కటి వేడి సల్ఫ్యూరిక్‌ని ఆనోడ్ దగ్గర హైడ్రోజన్ రిడ్యూస్ చేసేస్తుంది, సల్ఫర్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటివి పుడతాయి, సల్ఫర్ తగిలిన ప్లాటినం పని అయిపోయినట్టే. అందుకే ఇది చల్లగానే ఉండాలి, చల్లగా ఉంటే కార్బన్ మోనాక్సైడ్‌ని తట్టుకోలేదు. ఇప్పుడు దీని స్థానం క్లాస్‌రూమ్ డెమో, ల్యాబ్‌లో హాఫ్ సెల్ టెస్టులు (ఒక్క ఎలక్ట్రోడ్‌నే పరీక్షించేవి), అంతే.

డెమో చేసేవాళ్ళకి ఒక మాట, బ్యాటరీ షాపులో దొరికే యాసిడ్ గ్రాఫైట్ కడ్డీలతో ఆడుకోవడానికి సరిపోతుంది గానీ ప్లాటినం ఎలక్ట్రోడ్ పెట్టేటట్టయితే ల్యాబ్ గ్రేడే కొనండి, ఇనుము, క్లోరైడ్ మలినాలు ఎంతున్నాయో షాపువాడికీ తెలీదు. నీళ్ళలోకే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్ళు కాదు, ఇది తెలిసినవాళ్ళే ఎక్కువ మర్చిపోతారు. ఇంక బాత్రూమ్ కడిగే యాసిడ్ వాడొచ్చా అని కూడా అడిగారు ఒకరు, అది హైడ్రోక్లోరిక్, క్లోరైడ్ ప్లాటినం మీద పట్టేసి కూర్చుంటుంది, పైగా ఎక్కువ వోల్టేజీ ఉన్న వైపు ప్లాటినాన్ని మెల్లగా కరిగిస్తుంది కూడా. నైట్రిక్ అయితే కాథోడ్ దగ్గర ఆక్సిజన్‌కి పోటీగా తనే రిడ్యూస్ అవుతుంది. వెనిగర్, నిమ్మ ఉప్పు వీక్ యాసిడ్స్, కరెంట్ రాదు.

పెర్‌క్లోరిక్ గురించి మాత్రం ఆగి చెప్పాలి, ఎందుకంటే కాటలిస్ట్ రీసెర్చ్ పేపర్లు తిరగేస్తే 0.1 మోలార్ పెర్‌క్లోరిక్ అని ప్రతిచోటా కనిపిస్తుంది, అది చూసి సెల్‌లో కూడా అదే పోద్దాం అనుకుంటారు. అక్కడ అది ఎందుకు వాడతారంటే పెర్‌క్లోరేట్ ప్లాటినానికి దాదాపు అంటుకోదు, కాబట్టి కాటలిస్ట్ అసలు సత్తా బయటపడుతుంది, అదే సల్ఫ్యూరిక్‌లో కొలిస్తే సల్ఫేట్ కొన్ని సైట్లు ఆక్రమించి యాక్టివిటీ తక్కువ చూపిస్తుంది. అది రొటేటింగ్ డిస్క్ (ల్యాబ్‌లో కాటలిస్ట్‌ని కొలిచే తిరిగే ఎలక్ట్రోడ్) మీద పలచగా, చల్లగా వాడే సంగతి. చిక్కటి వేడి పెర్‌క్లోరిక్ ఆర్గానిక్ పదార్థాలతో కలిస్తే పేలుతుంది, సెల్‌లో గ్యాస్కెట్లు, కార్బన్ పేపర్ అన్నీ ఆర్గానిక్కే. ఇంకొకటి ట్రిఫ్లిక్ యాసిడ్, ఫాస్ఫారిక్ కన్నా దీన్లో ఆక్సిజన్ రియాక్షన్ చాలా బాగుంటుందని ఒకప్పుడు ఆశగా చూశారు, కానీ ఇది టెఫ్లాన్‌ని కూడా తడిపేస్తుంది, నీళ్ళు పట్టకుండా టెఫ్లాన్ పూసిన ఎలక్ట్రోడ్ మునిగిపోయి గ్యాస్ వెళ్ళే దారే మూసుకుపోతుంది, పైగా ఆవిరైపోయే గుణం.

ఈ లిస్టు అంతా ఎందుకు చెప్పానంటే ఒకటి గమనించండి, ప్రతిచోటా గొడవ ప్రోటాన్‌తో కాదు, దాని వెంట వచ్చే ఆనయాన్‌తో, అంటే నెగటివ్ అయాన్‌తో. క్లోరైడ్ విషం, సల్ఫేట్ అడ్డం, పెర్‌క్లోరేట్ ప్రమాదం. మరి ఆనయాన్‌ని కదలకుండా కట్టేస్తే?

నాఫియాన్: కట్టేసిన యాసిడ్

అదే నాఫియాన్. టెఫ్లాన్ లాంటి గొలుసుకి పక్కన సల్ఫానిక్ యాసిడ్ గ్రూపు వేలాడుతుంది, ఆ గ్రూపు ఎక్కడికీ పోలేదు, ప్రోటాన్ ఒక్కటే నీళ్ళ మీద ఎక్కి తిరుగుతుంది. ఐడియా ముందుది, నాఫియాన్ తర్వాతది. జనరల్ ఎలక్ట్రిక్‌లో థామస్ గ్రబ్ 1955లో పాలిమర్ మెంబ్రేన్‌తో మొదలుపెట్టాడు, 1965లో జెమినీ 5లో ఎగిరింది పాలీస్టైరీన్ సల్ఫానిక్ మెంబ్రేన్, అది త్వరగా చెడిపోయేది, డ్యూపాంట్ వాళ్ళ నాఫియాన్ వచ్చాక ఆయుష్షు నిలబడింది. మన శ్రీహరికోట నుంచి 2024 జనవరి 1న వెళ్ళిన పీఎస్ఎల్వీ సీ58 పైభాగంలో ఇస్రో టెస్ట్ చేసిన చిన్న ఫ్యూయల్ సెల్ కూడా పాలిమర్ మెంబ్రేన్ రకమే, కక్ష్యలో 180 వాట్లు ఇచ్చింది. అక్కడ హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ సిలిండర్లలో శుద్ధంగా ఉన్నాయి, ఆ మాట గుర్తుపెట్టుకోండి.

కొనేటప్పుడు నంబరు చూడటం తెలియాలి. చివరి అంకె మందం, మిల్స్‌లో, ఒక మిల్ అంటే సుమారు 25 మైక్రాన్లు. 117 అంటే 7 మిల్, 115 అంటే 5, 212 అంటే 2, 211 అంటే 1. హైడ్రోజన్ సెల్‌కి 212 తీసుకోండి, 211 పెర్ఫార్మెన్స్ ఇంకా బాగుంటుంది గానీ కొత్తవాళ్ళ చేతిలో చిన్న కార్బన్ ఫైబర్ గుచ్చుకున్నా పిన్‌హోల్ పడుతుంది. మిథనాల్ నేరుగా పోసే సెల్ అయితే లెక్క తిరగబడుతుంది, మిథనాల్ మెంబ్రేన్ దాటి కాథోడ్ వైపు పోతుంది కాబట్టి 117 లాంటి మందమైనదే పెట్టి, మిథనాల్‌ని ఒక మోలార్ దగ్గర పలచగా ఉంచుతారు.

చేతిలో పట్టుకుంటే ఇది ఎలా ఉంటుందో చెప్తా. రెండు ప్లాస్టిక్ కవర్ల మధ్య వస్తుంది, కొత్తవాళ్ళు కవర్‌నే మెంబ్రేన్ అనుకుని దాన్ని కోసి సెల్‌లో పెట్టేసుకోవడం మామూలే, వోల్టేజీ సున్నా వస్తుంది. ఒక వైపు నీటి చుక్క వేస్తే షీట్ వెంటనే రెండో వైపుకి చుట్టుకుపోతుంది, తడిసిన వైపు ఉబ్బుతుంది కదా. పొడి షీట్ నీళ్ళలో నానితే పొడవులో దాదాపు పది శాతం పెరుగుతుంది, కాబట్టి పొడిగా సరిగ్గా సైజుకి కోసి బిగిస్తే నానాక ముడతలు పడుతుంది. పాతబడిన 117 లేత గోధుమ రంగుకి తిరిగి ఉంటుంది, మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో 80 డిగ్రీల దగ్గర ఒక గంట పెడితే తెల్లటి గాజులా అయిపోతుంది, తర్వాత డీఐ వాటర్ (అయాన్లు తీసేసిన నీళ్ళు) ఒక గంట, అర మోలార్ సల్ఫ్యూరిక్ ఒక గంట, మళ్ళీ డీఐ వాటర్ ఒక గంట. ఈ సల్ఫ్యూరిక్ స్టెప్ మానేయకండి, లోపల దూరిన సోడియం, కాల్షియం, ఇనుములని బయటికి తోసి ప్రోటాన్లని పెట్టేది అదే. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు హ్యుమిడిఫయర్‌లో (గ్యాస్‌కి తడి పట్టించేది) పోశారంటే రివర్స్‌లో కాల్షియం ఎక్కి కూర్చుంటుంది, ఇనుము ఎక్కితే ఇంకా ఘోరం, పెరాక్సైడ్‌ని రాడికల్స్‌గా చీల్చి మెంబ్రేన్‌నే తినేస్తుంది.

ఇప్పుడు దీని బలహీనతలు. మొదటిది కార్బన్ మోనాక్సైడ్. 80 డిగ్రీల దగ్గర ప్లాటినానికి అది అంటుకుంటే వదలదు, 10 పీపీఎం (పది లక్షల్లో పది వంతులు) ఉంటేనే వోల్టేజీ పడటం చూస్తారు, కార్లకి ఇచ్చే హైడ్రోజన్ స్టాండర్డ్‌లో పరిమితి 0.2 పీపీఎం. రిఫార్మర్ నుంచి వచ్చే గ్యాస్‌ని షిఫ్ట్ రియాక్టర్ (కార్బన్ మోనాక్సైడ్‌ని ఆవిరితో కలిపి తగ్గించేది) దాటించాక కూడా అర శాతం నుంచి ఒక శాతం మిగులుతుంది, ఒక శాతం అంటే పదివేల పీపీఎం. దాన్ని పదికి దించాలంటే ఇంకో రియాక్టర్, దానికి గాలి కంట్రోల్, దానికి సెన్సార్... సెల్ కన్నా దాని పక్కన పెట్టే సామాను పెద్దదవుతుంది. సిలిండర్ హైడ్రోజనో ఎలక్ట్రోలైజర్ హైడ్రోజనో అయితే ఈ తలనొప్పే లేదు.

రెండోది నీళ్ళు, వేడి, ఈ రెండూ కలిపే చూడాలి. నీళ్ళు లేకపోతే ప్రోటాన్ కదలదు, అందుకే 80 దాటనివ్వరు. మన రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో బయట 45 డిగ్రీలు ఉందనుకోండి, స్టాక్ (వరసగా పేర్చిన సెల్స్ కట్ట) 80 దగ్గర ఉంటే వేడిని బయటికి తోయడానికి మిగిలిన తేడా 35 డిగ్రీలే, రేడియేటర్ పెద్దది కావాలి. ఫ్యాన్‌తో గాలి కొట్టే ఓపెన్ కాథోడ్ స్టాక్ అయితే ఆ పొడి గాలే మెంబ్రేన్‌ని ఎండబెట్టేస్తుంది కూడా, జనవరిలో హైదరాబాద్‌లో బాగా నడిచిన స్టాక్ మేలో సగం పవర్ ఇస్తోందని కంగారు పడకముందు హ్యుమిడిటీ చూసుకోండి, కొనేముందే డేటాషీట్‌లో పరిసర ఉష్ణోగ్రత పరిమితి ఎంత రాశారో చూడండి.

ఇంకొకటి, ఇది ఫ్లోరిన్ పాలిమర్. పీఫాస్ రసాయనాల (పర్యావరణంలో అంత తేలిగ్గా చెరగని ఫ్లోరిన్ రసాయనాలు) మీద యూరప్‌లో 2023లో పెట్టిన నిషేధం ప్రతిపాదనలో ఈ కుటుంబం మొత్తం ఉంది, అందుకే హైడ్రోకార్బన్ మెంబ్రేన్ల మీద పని ఊపందుకుంది, కొత్తగా పీహెచ్‌డీ టాపిక్ వెతుక్కునేవాళ్ళకి మంచి చోటే. కానీ రేపు నడవాల్సిన సెల్ కోసం ఇప్పటికైతే నాఫియాన్ తరహావే.

ఆన్ ఆఫ్ విషయంలో మాత్రం దీనికి సాటి లేదు. గది వేడిలోనే స్టార్ట్ అవుతుంది, నిమిషాల్లో ఫుల్ పవర్, రోజుకి పదిసార్లు ఆపినా ఫర్వాలేదు. కార్లు, బస్సులు, డ్రోన్లు ఇటే రావడానికి కారణం ఇదే.

ఫాస్ఫారిక్: ఆపకపోతే బంగారం

ఫాస్ఫారిక్‌ని ఎంచుకోవడానికి కారణం అది గొప్ప యాసిడ్ అని కాదు, 200 డిగ్రీల దగ్గర చెడకుండా, ఆవిరైపోకుండా, హైడ్రోజన్‌తో రిడ్యూస్ కాకుండా ఉండే మామూలు యాసిడ్ ఇంకోటి లేదని. దాదాపు నూరు శాతం చిక్కటి యాసిడ్‌ని సిలికాన్ కార్బైడ్ పొడితో చేసిన పలచటి పొరలో పీల్పించి రెండు కార్బన్ ఎలక్ట్రోడ్ల మధ్య పెడతారు, 150 నుంచి 220 డిగ్రీల మధ్య నడుపుతారు. ఆ వేడికి కార్బన్ మోనాక్సైడ్ ప్లాటినం మీద నిలవలేదు, ఒక శాతం దాకా ఉన్నా నడిచిపోతుంది. పైన చెప్పిన ఆ ఎక్స్‌ట్రా రియాక్టర్ మొత్తం ఎగిరిపోయింది చూడండి, షిఫ్ట్ రియాక్టర్ నుంచి నేరుగా సెల్‌లోకి. సల్ఫర్ మాత్రం ఇక్కడా శత్రువే, గ్యాస్‌ని డీసల్ఫరైజ్ చేయాల్సిందే.

నష్టాలు కూడా అంతే గట్టివి. ఫాస్ఫేట్ ప్లాటినానికి అంటుకుంటుంది, యాసిడ్‌లో ఆక్సిజన్ సరిగ్గా కరగదు, దాంతో కరెంట్ తక్కువ. మంచి నాఫియాన్ ఎంఈఏ (మెంబ్రేన్, రెండు ఎలక్ట్రోడ్లు కలిపి అతికిన షీట్) 0.65 వోల్టుల దగ్గర చదరపు సెంటీమీటర్‌కి ఒక ఆంపియర్ ఇస్తే, ఫాస్ఫారిక్ రకాలు అదే వోల్టేజీలో 0.2 ఆంపియర్ దగ్గర తిరుగుతాయి. ఒక కిలోవాట్‌కి లెక్కేస్తే నాఫియాన్‌కి సుమారు 1540 చదరపు సెంటీమీటర్లు, ఫాస్ఫారిక్‌కి 7700. వంద చదరపు సెంటీమీటర్ల సెల్స్ అయితే ఇటు 16, అటు 77. అందుకే ఫాస్ఫారిక్ స్టాక్‌ని కారులో ఊహించుకోకండి.

అసలు చిక్కు ఆపినప్పుడు. ప్యూర్ ఫాస్ఫారిక్ 42 డిగ్రీలకే గడ్డకడుతుంది, చలికాలం సీసాలో కొబ్బరినూనె పేరుకున్నట్టే, కాకపోతే ఇక్కడ ఆ పేరుకోవడం ఎలక్ట్రోడ్ రంధ్రాల్లో జరుగుతుంది, మళ్ళీ మళ్ళీ గడ్డకట్టి కరుగుతుంటే పొరలు చీలతాయి. అందుకని లోడు లేనప్పుడు కూడా స్టాక్‌ని వెచ్చగా ఉంచాలి, హీటర్ కరెంట్ ఖర్చు అన్నమాట. ఇంకొకటి, లోడు తీసేస్తే వోల్టేజీ 0.8 పైకి ఎగబాకుతుంది, ఆ వేడిలో ఆ వోల్టేజీ దగ్గర కార్బన్ తినేయబడుతుంది, ప్లాటినం కరుగుతుంది, కాబట్టి ఆపేటప్పుడు నైట్రోజన్‌తో పర్జ్ చేయాలి, అంటే లోపలి గ్యాస్‌ని బయటికి తోసేయాలి. ఆదివారం సెలవని ఆపేసి సోమవారం ఆన్ చేసే ఆఫీసుకి ఇది సరిపడదు.

ఆపకుండా నడిచే చోట మాత్రం దీని రికార్డు గట్టిది. 1990లలో అమెరికాలో, జపాన్‌లో హాస్పిటళ్ళకి, హోటళ్ళకి పెట్టిన 200 కిలోవాట్ల యూనిట్లలో 40 వేల గంటలు దాటినవి ఉన్నాయి. దక్షిణ కొరియాలో దేసాన్ దగ్గర 2020లో మొదలైన 50 మెగావాట్ల ప్లాంట్ మొత్తం ఫాస్ఫారిక్కే, 440 కిలోవాట్ల యూనిట్లు 114 వరసగా, పెట్రోకెమికల్ ఫ్యాక్టరీలో మిగిలే హైడ్రోజన్‌తో. కరెంట్ ఎఫిషియెన్సీ 40 శాతం చుట్టూ అంటే పెద్ద గొప్పేం కాదు, కానీ ఆ వేడి వేస్ట్ చేయకుండా వేడినీళ్ళకో ఏసీ చిల్లర్‌కో వాడుకుంటే మొత్తం 80 శాతం దాటుతుంది. హైదరాబాద్ బీహెచ్ఈఎల్ ఆర్ అండ్ డీలో కూడా ఒకప్పుడు ఈ రకం స్టాకుల మీద పని జరిగింది.

సబ్‌మెరైన్ల ఉదాహరణ చూడండి, భలే ఉంటుంది. జర్మనీ 212 రకం సబ్‌మెరైన్లో హైడ్రోజన్‌ని మెటల్ హైడ్రైడ్ సిలిండర్లలో ప్యూర్‌గా మోసుకెళ్తారు, సెల్స్ సీమెన్స్ కంపెనీ వాళ్ళ పాలిమర్ మెంబ్రేన్ రకం. మన డీఆర్డీవోకి చెందిన అంబర్‌నాథ్ నేవల్ మెటీరియల్స్ ల్యాబ్ చేసింది ఫాస్ఫారిక్ రకం, హైడ్రోజన్‌ని సబ్‌మెరైన్ లోపలే అప్పటికప్పుడు తయారుచేసుకుంటారు, 2021 మార్చిలో నేల మీద ప్రోటోటైప్ టెస్ట్ పూర్తయింది. రెండూ నీళ్ళ కిందే, రెండూ యాసిడ్డే. "సబ్‌మెరైన్‌కి ఏది బెస్ట్" అని అడిగితే జవాబుండదు, హైడ్రోజన్ ఎలా తెస్తున్నారు అని అడిగితే మాట్లాడుకోవచ్చు.

పీబీఐ: మధ్యలో ఉన్నది

పాలీబెంజిమిడజోల్ అనే వేడి తట్టుకునే పాలిమర్‌లో ఫాస్ఫారిక్ యాసిడ్ నానబెట్టి మెంబ్రేన్‌లా వాడటం, 1995లో అమెరికాలోని కేస్ వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్ళు మొదలుపెట్టారు, దీన్నే హై టెంపరేచర్ పీఈఎం అంటారు. 120 నుంచి 180 డిగ్రీలు. 160 దాటితే కార్బన్ మోనాక్సైడ్ ఒకటి రెండు శాతం ఓర్చుకుంటుంది, హ్యుమిడిఫయర్ అవసరం లేదు, మే నెల ఎండలో కూడా బయటికీ స్టాక్‌కీ మధ్య వంద డిగ్రీల పైన తేడా ఉంటుంది కాబట్టి రేడియేటర్ చిన్నది చాలు. మన వాతావరణానికి నాకు నచ్చేది ఇదే, ఒప్పుకుంటా. 2019లో సీఎస్ఐఆర్ ల్యాబులు థర్మాక్స్‌తో కలిసి చేసిన ఐదు కిలోవాట్ల దేశీ సెల్ ఈ రకమే, టెలికాం టవర్ల డీజిల్ జనరేటర్ల స్థానంలోకి మిథనాల్‌తోనో గ్యాస్‌తోనో నడిపే ఆలోచనకి ఇది బాగా అతుకుతుంది.

మరి పట్టుకోవాల్సిన తోక ఎక్కడ? యాసిడ్ కట్టేసి లేదు, నానబెట్టి ఉంది, అంతే. నాఫియాన్‌లా గొలుసుకి అతికి లేదు కాబట్టి వంద డిగ్రీల కింద లోపల నీళ్ళు చుక్కలుగా కడితే ఆ నీళ్ళతో పాటు యాసిడ్ కొట్టుకుపోతుంది. స్టార్ట్ చేసేటప్పుడు ముందు హీటర్‌తోనో వేడి నూనెతోనో 120 దాటించి ఆ తర్వాతే లోడు పెట్టాలి, ఆపేటప్పుడు ముందు లోడు తీసి, పొడి గ్యాస్‌తో ఆవిరి తోలేసి ఆ తర్వాత చల్లారనివ్వాలి. ఈ వరస తప్పుతున్నారో లేదో చూడటానికి చవక పద్ధతి, కాథోడ్ ఎగ్జాస్ట్ పైపు చివర కండెన్స్ అయ్యే చుక్కని పీహెచ్ పేపర్ మీద పట్టండి, ఎర్రగా తిరిగిందంటే మీ ఎలక్ట్రోలైటే బయటికి కారిపోతోంది. స్టీలు ఎండ్ ప్లేట్ల అంచున తెల్లగానో పచ్చగానో పొరలా పేరుకుంటే అదీ యాసిడ్ తాకుతున్న గుర్తే, ఈ రకానికి గ్రాఫైట్ ప్లేట్లే నయం, స్టీలు తట్టుకోదు.

కొనేటప్పుడు యాసిడ్ ఎంత పట్టించారు అన్న నంబరు అడగండి. పీబీఐ షీట్ కొని మీరే యాసిడ్‌లో నానబెట్టుకునే పాత పద్ధతిలో పాలిమర్ గొలుసులో ఒక్కో యూనిట్‌కి ఆరు యాసిడ్ అణువుల చుట్టుపక్కల పడుతుంది, పాలీఫాస్ఫారిక్ యాసిడ్‌లోనే పాలిమర్ తయారుచేసి పోత పోసే పద్ధతిలో అంతకి ఎన్నో రెట్లు పడుతుంది. ఎక్కువ పడితే కండక్టివిటీ ఎక్కువ, కానీ షీట్ జెల్లీలా మెత్తగా ఉండి బోల్టులు గట్టిగా బిగిస్తే నలిగి పక్కకి పాకుతుంది. టార్క్ రెంచ్ లేకుండా దీని జోలికి పోవద్దు. ప్లాటినం కూడా చదరపు సెంటీమీటర్‌కి నాఫియాన్ సెల్ కన్నా ఎక్కువ పడుతుంది, బడ్జెట్‌లో అది మర్చిపోకండి.

సాలిడ్ యాసిడ్: చదవడానికి అందం

సీజియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, చూడటానికి ఉప్పు. మామూలుగా ప్రోటాన్ కదలదు, 230 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా క్రిస్టల్ మారి కండక్టివిటీ వెయ్యి రెట్లకి పైగా ఎగురుతుంది. కాల్‌టెక్‌లో సోసినా హైలే బృందం 2001లో సీజియం హైడ్రోజన్ సల్ఫేట్‌తో ఈ దారి తెరిచింది, దాని మార్పు 141 డిగ్రీలకే జరుగుతుంది గానీ సల్ఫర్ ఉంది కదా, హైడ్రోజన్‌తో కలిసి హైడ్రోజన్ సల్ఫైడ్ అయిపోతుంది, సల్ఫ్యూరిక్ కథే మళ్ళీ. అందుకే ఫాస్ఫేట్‌కి మారారు. లీకయ్యే లిక్విడ్ లేదు, కార్బన్ మోనాక్సైడ్‌ని ఫాస్ఫారిక్ కన్నా చాలా ఎక్కువ ఓర్చుకుంటుంది, పేపర్ మీద అన్నీ మంచివే. కండక్టివిటీ మాత్రం 240 దగ్గర సుమారు 0.02, కాబట్టి పొర 50 మైక్రాన్లకి దించినా 0.25 ఓమ్, రెండు మిల్లీమీటర్ల సల్ఫ్యూరిక్‌తో సమానం.

అయితే నీళ్ళలో కరిగిపోతుంది. ఆపేటప్పుడు లోపల ఆవిరి నీరుగా మారిందా, ఎలక్ట్రోలైట్ కరిగి కారిపోతుంది, అలాగని ఆవిరి లేకుండా వేడి చేస్తే నీరు పోగొట్టుకుని చెడిపోతుంది, అంటే వేడిగా ఉన్నంతసేపూ ఆవిరి ఇవ్వాలి, చల్లారేటప్పుడు ఆవిరి ఉండకూడదు. సీజియం చవక కాదు. రీసెర్చ్ గ్రూపులో ఉండి, స్టీమ్ కంట్రోల్ ఉన్న టెస్ట్ స్టేషన్ ఉంటే చేయండి, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి నాలుగు నెలల్లో అవ్వదు.

మరి మీ సంగతి

కాలేజీ ప్రాజెక్ట్, సిలిండర్ హైడ్రోజనో చిన్న ఎలక్ట్రోలైజరో ఉంది, రోజూ సాయంత్రం ఆపి ఇంటికెళ్తారు, ఇంకేం ఆలోచించకండి, 212 మీద చేసిన రెడీమేడ్ ఎంఈఏ కొనుక్కోండి, మెంబ్రేన్ విడిగా కొని కాటలిస్ట్ ఇంక్ మీరే పూసుకోవడం నేర్చుకోవడానికి మంచిదే గానీ టైమంతా అక్కడే పోతుంది. డ్రోన్, బైక్, బస్ ఏదైనా కదిలేదైతే కూడా ఇదే, 45 డిగ్రీల ఎండకి కూలింగ్ లెక్క ముందే వేసుకుని.

మిథనాల్ రిఫార్మరో బయోగ్యాసో ఉంది, రోజుకి ఒకటి రెండు సార్లే ఆపుతారు, కొన్ని కిలోవాట్లు చాలు, అప్పుడు పీబీఐ. బయోగ్యాస్ అన్నవాళ్ళు సల్ఫర్ తీసే సెటప్ ముందు పెట్టి ఆ తర్వాత స్టాక్ గురించి అడగండి, పేడ గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, ఏ యాసిడ్ పెట్టినా ప్లాటినం ప్లాటినమే. వందల కిలోవాట్లు, ఏడాది పొడుగునా ఆపకుండా, వేడికి కూడా వాడకం ఉన్న ఫార్మా ప్లాంటో హాస్పిటలో అయితే ఫాస్ఫారిక్ కొటేషన్ తప్పకుండా తెప్పించండి, పాత టెక్నాలజీ అని పక్కన పడేసేవాళ్ళని చూస్తుంటా, వేడినీళ్ళ బిల్లు కూడా కలిపి లెక్కేశాక మాట్లాడమంటా. ఆ వేడికి మీ దగ్గర పనేమీ లేకపోతే మాత్రం దాని సగం లాభం చిమ్నీ పాలే, అప్పుడు వద్దు.

సప్లయర్‌తో మాట్లాడేటప్పుడు పీక్ పవర్ గ్రాఫ్ ఒక్కటే చూపిస్తే ఒప్పుకోకండి, ఆ గ్రాఫ్ ప్యూర్ హైడ్రోజన్, ప్యూర్ ఆక్సిజన్, ప్రెజర్ పెట్టి తీసిందేమో అడగండి, మీరు పెట్టేది గాలి. స్టార్ట్ స్టాప్ ఎన్నిసార్లు టెస్ట్ చేశారు, ఒక్కో సైకిల్‌కి ఎంత వోల్టేజీ తగ్గింది, ఇది రాసి ఇమ్మనండి. ఎంఈఏతో పాటు గ్యాస్కెట్ మందం ఎంత, ఎంత టార్క్‌కి బిగించాలి అన్నది కూడా వాళ్ళ దగ్గరే తీసుకోండి, గ్యాస్కెట్ వేరే షాపులో దొరికిందని వంద మైక్రాన్లు మందంగా ఉన్నది వేస్తే కార్బన్ పేపర్ ప్లేట్‌కి సరిగ్గా తగలదు, ఆ రెసిస్టెన్స్‌ని మీరు ఎలక్ట్రోలైట్ ఖాతాలో రాసేస్తారు.